ఉండల సినిమా మొదటి భాగం

మా మేనత్త పోయిందన్న కబురు నేను ఆసుపత్రిలో డ్యూటీలో ఉండగా వచ్చింది. ఫోన్ చేసింది మా పెద్దన్న. "అత్త ఎలిపోయింది. పొద్దున్న జావ తాగీసి, గుమ్మంలో కూకుని, అలగే గోడకి ఒరిగిపోయింది. బేగి రా" అన్నాడు. సెలవు చెప్పి బయల్దేరాను.

పాడేరులో ముంచింగిపుట్టు బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. కళ్లు తుడుచుకోవడం చూసి కండక్టరు టిక్కెట్టు కొడుతూ "ఎవులు పోయారమ్మా?" అని అడిగాడు. మా ఊరి పేరు చెప్పి, మా అత్త అన్నాను. అతని చెయ్యి ఆగిపోయింది. "ఉండల సినిమా అత్తేటి?" అన్నాడు. అవునన్నాను. వెనక్కి తిరిగి బస్సులో అందరికీ చెప్పాడు. పసుపు మూటల మీద కూర్చున్న ఒక ముసలాయన "అయ్యో" అన్నాడు, ఆ వెంటనే ఏదో గుర్తొచ్చి కండువా నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాడు. పక్కావిడ అతన్ని మోచేత్తో పొడిచి తనూ నవ్వేసింది. నాకూ నవ్వు ఆగలేదు, ఏడుపూ ఆగలేదు.

చావు కబురు వింటే జనానికి నవ్వు గుర్తొచ్చే మనిషి నాకు మేనత్త. నాకు ఇది గర్వం కాక మరేమిటి? ఆ గర్వం ఎందుకో, ఆ ఉండలేమిటో మా కొండల బయట ఉన్నవాళ్లకి తెలియదు కాబట్టి ఇది రాస్తున్నాను.

ముందు ఆవిడ పని సంగతి చెప్పాలి. మా ఊళ్లో మిషను వాళ్లు కట్టిన చిన్న గుడి ఉంది. దాన్ని మేము సంఘం అంటాం. కింద మైదానం నుంచి ప్రసంగీకులు వచ్చి తెలుగులో వాక్యం చెప్పేవారు. మా ఇళ్లల్లో మాట్లాడేది ఆదివాసీ ఒడియా, ఇక్కడ ఆ మాటల్ని తెలుగు చేసి రాస్తున్నాను. ముసలివాళ్లకి తెలుగు సంతలో బేరమాడేంతే వచ్చు. అందుకని ప్రసంగీకుడు ఒక మాట చెప్పి ఆగితే, పక్కన నిలబడి ఆ మాటని మా భాషలోకి దించే మనిషి ఒకరుండాలి. దాన్ని తర్జుమా అంటారు. మా సంఘంలో ఆ పని అత్తది.

అత్తకి పెళ్లయిన కొత్తలోనే భర్త పోయాడు. పిల్లల్లేరు. పుట్టింటికి తిరిగొచ్చి మా నాన్న పంచన ఉండేది. పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి సంతకి మోసేది. ఏడాది పొడుగునా ఆమె వేళ్లు పచ్చగానే ఉండేవి. వారమంతా ఎవరూ పట్టించుకోని ఆ మనిషి ఆదివారం పొద్దున్న బుగ్గలో చిన్న శొంఠి ముక్క పెట్టుకుని ప్రసంగీకుడి పక్కన నిలబడితే ఊరు ఊరంతా తలెత్తి చూసేది. ఆమెకి ఈ భూమ్మీద తనదంటూ ఉన్నది ఆ నిలబడే చోటొక్కటే.

ప్రసంగీకుడు ఒక చిన్న వాక్యం చెప్పేవాడు. అత్త చాలాసేపు చెప్పేది. ఆయన చేతి గడియారం చూసుకునేవాడు. ఒకసారి ఆయన ద్రాక్షతీగ గురించి చెబుతుంటే అత్త దాన్ని అడ్డతీగ చేసేసింది. మేము ఆకులు కోసి విస్తళ్లు కుట్టుకునే తీగ అది. ఆ మాట ఆయన చెవిన పడింది. బయటికొచ్చాక "ఏమ్మా, ద్రాక్షని మార్చేశావేం?" అని అడిగాడు. "ద్రాచ్చ ఇక్కడ ఎవులు సూసారు బాబూ? అడ్డాకయితే రోజూ దాన్లోనే తింటన్నారు" అంది అత్త. మరి అంతసేపు ఎందుకు చెప్తున్నావంటే, "మాట అంత దూరం నుంచి నడిసొచ్చినాది. దారిలో నీళ్లు తాగొద్దా?" అంది. ఆయన నవ్వి ఊరుకున్నాడు గానీ, ఆ తర్వాత కూడా ద్రాక్ష అన్నప్పుడల్లా ఓరగా అత్త వైపు చూసేవాడు.

ఇక సినిమా సంగతి. నేను ఆశ్రమ పాఠశాలలో చదువుకునే రోజులు. అప్పటికి మా వైపు టీవీలు లేవు. ముంచింగిపుట్టు సంత రోజున సాలూరు వైపు నుంచి ఒకాయన జీపులో టీవీ, వీసీపీ, జనరేటరు వేసుకొచ్చేవాడు. రేకుల షెడ్డుకి నాలుగు వైపులా టార్పాలిన్ కట్టి చీకటి చేసి పట్టపగలే ఆట వేసేవాడు. ఒక వానాకాలం ఆయన కేసెట్లన్నీ బూజుపట్టిపోయాయి. మిగిలింది ఒకే ఒక్కటి, ఇంగ్లీషుది. అట్ట మీద బొమ్మ కింద పెద్దగా రెండు అంకె వేసి ఉంది. అంటే అది రెండో భాగం. మొదటి భాగం ఎవరూ చూడలేదు, ఆయనా చూడలేదు.

ఆ సినిమాలో ఆకాశం నుంచి చిన్న చిన్న ప్రాణులు దిగుతాయి. కొబ్బరికాయంత ఉంటాయి, ఒళ్లంతా బొచ్చు, నోరు తెరిస్తే లోపలంతా పళ్లే. నడవలేవు, దొర్లుతాయి. కనబడినదల్లా తినేస్తాయి. కుర్చీలు, చెప్పులు, బట్టల షాపులో బొమ్మ చెయ్యి, ఒక లావుపాటి పోలీసాయన వేసుకున్న పంట్లాము. భయపెట్టడానికి తీశారో నవ్వించడానికి తీశారో తీసినవాళ్లకే తెలియాలి. సినిమా మొదట్లోనే కట్టు కట్టిన కాలుతో ఒకాయన వాటిల్లో ఒకదాన్ని చూసి గావుకేక పెడతాడు. షెడ్డులో మావాళ్లు గొడవ మొదలెట్టారు. ఎందుకు అరిచాడు? ఇంతకు ముందు చూశాడా? ఇవి ఎవరి తాలూకు? ఏ కొండవి? కథ నడిమధ్యలో మొదలెట్టడం మా దగ్గర చెల్లదు.

వీడియో ఆయన చేతులెత్తేశాడు. అంతలో ఎవరో, బయట పసుపు బుట్టతో కూర్చున్న అత్తని చూసి, "సంగంలో సెప్తావు కదా, ఇక్కడా సెప్పీ అత్తా" అన్నారు.

"ఇంగిలీసు నాకేటి తెలుసు?" అంది అత్త.

"ఆల మొకాలు సూసి సెప్పీ."

అత్త ఆలోచించుకుంది. పసుపు గోనె మీదికి ఒంపి, ఖాళీ బుట్ట తెచ్చి టీవీ పక్కన బోర్లించి దాని మీద కూర్చుంది. కాస్త శొంఠి బుగ్గలో పెట్టుకుంది. వీడియో ఆయన్ని మళ్లీ మొదటికి తిప్పమంది. తిప్పుతున్నంత సేపట్లో, ఎవరూ చూడని ఆ మొదటి భాగం ఆమె నోట్లో తయారైపోయింది.

మా దగ్గర ఏ పంట వచ్చినా కొత్త చెయ్యందే నోట పెట్టరు. మామిడికొత్త, సామకొత్త, కందికొత్త. చెట్టు విరగకాసినా సరే, ఆ పండగ చేసి మొదటి పిడికెడు ఇచ్చుకున్నాకే తినాలి. అత్త ఇలా చెప్పింది: ఈ ఉండలు మనలాంటి మనుషులే. ఒక చుక్క మీద వీళ్లకీ ఊరుంది, పోడు ఉంది. ఒక ఏడు కంది బాగా పండింది. ఆకలికి ఆగలేక, కొత్త చెయ్యకుండానే తినేశారు. ఎంత తిన్నా కడుపు నిండలేదు. పొలం తిన్నారు, పశువుల్ని తిన్నారు, ఆఖరికి ఆ చుక్కనే తినేశారు. నిలబడడానికి నేల లేక కిందికి పడ్డారు. పడుతూ పడుతూ కాళ్లూ చేతులూ కూడా తినేసుకున్నారు, అందుకే ఇలా ఉండలైపోయి దొర్లుతున్నారు. "ఈ కట్టుకాలాయన ఊరికి కిందటేడు వొచ్చీసినాయి. ఆ కాలు అప్పుడు కొరికిందే. మరి కేకెయ్యడేటి?" అంది.

అంతే, షెడ్డు మొత్తం సర్దుకుని కూర్చుంది. కథకి మొదలు దొరికింది.

ఆ తర్వాత తెర మీద ఏ ఉండ ఏది తినబోయినా, అత్త దానివైపు వేలు చూపించి "పెట్టేరా?" అని అడిగేది. మొదటి పిడికెడు పెట్టారా అని. షెడ్డులో ఉన్నవాళ్లంతా ఒక్క గొంతుతో "నేదు" అనేవారు. పోలీసాయన పంట్లాము దగ్గరికొచ్చేసరికి ఆ "పెట్టేరా" వినబడకుండానే "నేదు నేదు" అని అరిచి పడిపడి నవ్వారు. సగంలో జనరేటరులో నూనె అయిపోయి టీవీ నల్లబడిపోయింది. ఒక్కరూ లేవలేదు. అత్త చెబుతూనే ఉంది. నల్లటి గాజు మీద మా మొహాలే కనబడుతుంటే వాటినే చూస్తూ మేము చివరిదాకా విన్నాం.

మరుసటి వారం సంతకి వీడియో ఆయన తెలుగు సినిమాలు పట్టుకొచ్చినా జనం ఒప్పుకోలేదు. ఉండల సినిమాయే వెయ్యమన్నారు. ప్రతి సంతకీ అదే బొమ్మ, ప్రతి సంతకీ అత్త మాట కొంచెం వేరు. ఒడిశా వైపు కొండల నుంచి కూడా దిగొచ్చేవారు. పిల్లలు ఒళ్లు ముడుచుకుని వాలు మీద దొర్లి, చివర్న నిలబడిన వాడు "పెట్టేరా?" అంటే ఆగిపోవడం ఒక ఆటగా కనిపెట్టారు.

ఈ సంగతి సంఘ పెద్ద చెవిన పడకుండా ఎలా ఉంటుంది? ఆయన చెడ్డవాడు కాదు. వానకి తడుస్తూ గుడి కప్పు తానే నేసిన మనిషి. కానీ కొండ దేవతల కొత్తలు మానేసి సంఘంలో చేరడానికి ఆయన సొంత అన్నదమ్ములతోనే కంచం పొత్తు పోగొట్టుకున్నాడు. ఒక సాయంత్రం మా వాకిట్లోకి వచ్చి కూర్చున్నాడు.

"ఆదివారం వాక్యం సెప్పిన నోటితో సంతలో దెయ్యాల కత సెప్తన్నావట."

"దెయ్యాలు కావన్నా, ఉండలు" అంది అత్త.

"అందులో కొత్తల ఊసొకటి. ఒగ్గీసినవి మళ్లీ నెత్తికెక్కిస్తావేటి? సంతా, సంగవా, ఏదో ఒకటి సూసుకో."

"నోరు ఒకటే ఉన్నాదన్నా. రెండు సేసి ఇమ్మంటే నానెక్కడ తెచ్చీది?"

"అయితే సంగంలో నిలబడకు" అని ఆయన లేచి వెళ్లిపోయాడు.

మా నాన్న బతిమాలాడు. సినిమా మానేస్తే పోయేదేముంది అన్నాడు. అత్త పసుపు కొమ్ములు ఏరుతూ, "సంగానికి రానోలు సంతకొస్తారు. ఆలకి కత నేదేటి?" అంది. ఆ ఒక్క మాటే అంది. ఆమె పోగొట్టుకుంటున్నది ఏమిటో మా ఇంట్లో అందరికంటే ఆమెకే బాగా తెలుసు. తెలిసే అంది.

ఆ ఆదివారం నుంచి సంఘ పెద్ద అల్లుడు తర్జుమా మొదలెట్టాడు. చదువుకున్నవాడు, ఎక్కడా తప్పు పోయేవాడు కాదు, ప్రసంగీకుడు ఎంత చెబితే అంతే చెప్పేవాడు. ప్రసంగం బేగి అయిపోయేది. అత్త ఆడవాళ్లలో ఆఖరి చాప మీద కూర్చునేది. ప్రసంగీకుడు ఒక మాట చెప్పి ఆగినప్పుడల్లా ఆమె పెదాలు కదిలేవి. శొంఠి ముక్క మాత్రం ఎప్పట్లాగే బుగ్గలో ఉండేది. నేను సెలవులకి వచ్చి పక్కనే కూర్చున్నప్పుడు ఆ పెదాలు చూడలేక తల దించుకునేదాన్ని.

పంట పండగ వచ్చింది. కొత్త ధాన్యం, గుమ్మడికాయలు, కంది మోపులు గుడికి తెచ్చి ముందు పెట్టే ఆదివారం అది. ద్రాక్ష గురించి అడిగిన ఆ ప్రసంగీకుడే వచ్చాడు. మొదటి పంట ఇవ్వకుండా తినేవాడి కడుపు ఎన్నటికీ నిండదని చెప్పి ఆగాడు. అల్లుడు ఉన్నదున్నట్టు చెప్పాడు. అందరూ ఊరికే చూస్తున్నారు. అప్పుడు ముందు వరసలో ఒక ముసలమ్మ గట్టిగా, "ఉండలకయినట్టేనా?" అని అడిగింది.

గుడంతా గొల్లుమంది. మగవాళ్ల వైపు నుంచి ఎవరో "పెట్టేరా?" అన్నారు. పిల్లలు "నేదు" అన్నారు. కంది మోపులు తెచ్చినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని అవునవునంటూ తలలూపారు. ముసలమ్మ మాట అల్లుడు తెలుగులో చెప్పినా ప్రసంగీకుడికి ఏమీ అర్థం కాలేదు. "ఉండలు ఎవరు?" అని అల్లుణ్ణి అడిగాడు. అతను మామగారి వైపు చూశాడు. సంఘ పెద్ద కాసేపు తాను నేసిన కప్పు వైపు చూసి, "ఎనకాల కూకున్నాది. ఆవిణ్ణే అడగండి" అన్నాడు.

అత్త లేచి నిలబడింది. తనకొచ్చిన సంత తెలుగులో ఉండల కథ మొత్తం చెప్పింది, పోలీసాయన పంట్లాముతో సహా. ప్రసంగీకుడు బల్ల పట్టుకుని నవ్వాడు. నవ్వి, కళ్లద్దాలు తుడుచుకుని "ఇది ఎక్కడుందమ్మా?" అని అడిగాడు.

"రెండోది టీవీలో ఉన్నాదండి. మొదటిది నా కాడ ఉన్నాది" అంది అత్త.

ఆయన "ఇటు రండి. నేను చెబుతాను, మీరు చెప్పండి" అన్నాడు. అత్త కదల్లేదు. సంఘ పెద్ద వైపు చూసింది. ఆయన లేచి, ప్రసంగీకుడి పక్కన అడ్డంగా ఉన్న గుమ్మడికాయలు రెండు చేతులతో ఎత్తి పక్కకి పెట్టాడు. ఆ ఖాళీలోకి అత్త నడిచి వెళ్లి నిలబడింది. ఆ రోజు ప్రసంగం మధ్యాహ్నం దాటిపోయినా ఎవరూ లేవలేదు. నేను చూసిన గెలుపుల్లో అంత పెద్దది మరొకటి లేదు.

ఆ మరుసటి ఎండాకాలం వీడియో ఆయన ఎక్కడెక్కడో తిరిగి అసలు మొదటి భాగం సంపాదించుకొచ్చాడు. షెడ్డు కిటకిటలాడిపోయింది. దాంట్లో ఉండలు ఎవరో తెల్ల కోటు ఆయన గాజు సీసాలోంచి పుట్టుకొస్తాయి. చుక్క లేదు, పోడు లేదు, కంది లేదు. మావాళ్లు లేచి నిలబడ్డారు. ఇది నకిలీ కేసెట్టు, మోసం అని వీడియో ఆయన మీద పడ్డారు. పాపం ఆయన అట్ట తీసి ఒకటో అంకె చూపించినా వినలేదు. ఆఖరికి అత్తే బుట్ట మీద నుంచి లేచి, "ఇది ఆల ఊరోలు సెప్పుకునీ మాట. మనకాడికొచ్చిన ఉండలు ఏరే. కూకోండి" అని సర్దిచెప్పింది. తెల్ల కోటు ఆయన్ని కూడా కథలో కలిపేసుకుంది. అతను కొత్త చెయ్యని వాళ్లకి మేనమామ అయ్యాడు.

తర్వాత రోడ్డు బాగుపడింది, ఇళ్లకి డిష్ యాంటెన్నాలు వచ్చాయి, జీపు రావడం మానేసింది. అత్త పసుపు అమ్ముకుంటూ, ఆదివారాలు నిలబడుతూ ఉండిపోయింది. ఎవరైనా దిగులుగా కనబడితే "నవ్వీ నోట్లోకే ముద్ద దిగతాది" అని ముందు నవ్వించేది, తర్వాత జావ పోసేది. నేను నర్సునయ్యాక నా వార్డులో డాక్టరుగారు రెండు ముక్కలు చెబితే కొండ నుంచి వచ్చినవాళ్లకి నేను పది ముక్కలు చెబుతాను. ఇంతసేపు ఏం చెప్పావని ఆయన అడిగితే మాట దారిలో నీళ్లు తాగిందంటాను. ఆయనకి అర్థం కాదు, రోగికి అర్థమవుతుంది. నాకు వచ్చిన చదువుల్లో ఇదొక్కటి ఏ కాలేజీలోనూ చెప్పలేదు.

నేను ఊరు చేరేసరికి అత్తని వాకిట్లో పడుకోబెట్టారు. వేళ్లు పచ్చగానే ఉన్నాయి. పూడ్చేచోట ఒక కుర్ర ప్రసంగీకుడు తెలుగులో ఒక మాట చెప్పి అలవాటుగా ఆగాడు. పక్కన ఎవరూ లేరు. ఎవరు నిలబడాలో ఎవరూ అనుకోలేదు. నేనే వెళ్లి నిలబడ్డాను. ఆయన చెప్పింది కొంచెం, నేను చెప్పింది ఎక్కువ. ఆయన ఓపిగ్గా ఆగాడు. ముసలివాళ్లు నా మొహం వైపే చూస్తూ తలలూపుతుంటే, ఇన్నేళ్లూ అత్త చూసింది ఈ మొహాల్నే కదా అనిపించింది.

ఇంటికొచ్చాక అందరికీ తిండి పెట్టాలి. కొత్త కంది కాయలు కోతకొచ్చిన రోజులవి. పెద్ద కుండలో ఉప్పేసి ఉడకబెట్టి ఆకుల్లో పంచుతున్నారు. అందరూ ఆకలి మీద ఉన్నారు. మా పెద్దన్న నోటి దాకా ఎత్తాడో లేదో, వాడి మనవరాలు, ఇంకా పలక కూడా పట్టని గుంట, వేలు చూపించి "పెట్టేరా?" అంది. దానికి ఆ సినిమా తెలియదు. వాలు మీద దొర్లే ఆట ఒక్కటే తెలుసు.

చేతులన్నీ ఆగిపోయాయి. ఆ ఏడు పంట పండగ ఇంకా కాలేదు. అప్పుడు సంఘ పెద్ద కర్ర పట్టుకుని లేచాడు. ఇప్పుడాయనకి చూపు సరిగా ఆనదు. అడ్డాకు దొప్పలో ఒక పిడికెడు కాయలు వేయించుకుని, ఎక్కడ పెట్టాలా అని అటూ ఇటూ వెతికాడు. గుమ్మం పక్కన అత్త పసుపు బుట్ట బోర్లించి ఉంది. తడుముకుంటూ దాని దగ్గరికి వెళ్లి, దొప్పని దాని మీద పెట్టి, ఒరిగిపోకుండా సర్దాడు.

"పెట్టేం. తినండి" అన్నాడు.

అందరం తిన్నాం. బుట్ట మీద దొప్పలోంచి చాలాసేపు ఆవిరి లేస్తూనే ఉంది.